ఆర్‌పీఎం అంటే సరిగ్గా ఏమిటి? 1440 మోటారుతో 650 గిర్ని తిప్పాలంటే ఏ పుల్లీ వేయాలి?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి చెబుతాను. అడిగినవారు ఊళ్లో పిండి గిర్ని పెడుతున్నారు. 16 అంగుళాల రాళ్లు. గిర్ని ప్లేటు మీద 650 ఆర్‌పీఎం అని ఉంది. మోటారు 5 హెచ్‌పీ, త్రీ ఫేజు, దాని ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం. పుల్లీలు అమ్మే షాపాయన "రెండు వైపులా ఒకటే సైజు వేసుకోండి, 5 హెచ్‌పీ ఉంది కదా, లాగేస్తుంది" అన్నాడట. ఈలోపు ఇంట్లో పాప అడిగిన ప్రశ్న: "ఆర్ అంటే రివల్యూషన్ కదా. మా పుస్తకంలో రివల్యూషన్ అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం. మరి మోటారు దేని చుట్టూ తిరుగుతోంది?"

ముందు జవాబు. ఆర్‌పీఎం అంటే ఒక నిమిషంలో షాఫ్టు పూర్తిగా తిరిగే చుట్ల లెక్క. అంతకు మించి ఏమీ లేదు. అది బలం కాదు, హెచ్‌పీ కాదు, ఏ వైపు తిరుగుతోందో కూడా చెప్పదు. 1440 అంటే నిమిషానికి 1440 చుట్లు, సెకనుకు 24. ఇక పుల్లీల సంగతి: ఒకటే సైజు మాత్రం వేయకండి. మోటారుకు 5 అంగుళాలు, గిర్నికి 11 అంగుళాలు, బీ సెక్షన్ (వీ-బెల్టుల్లో ఒక సైజు) బెల్టులు రెండు వేయండి. రాయి 630 దగ్గర తిరుగుతుంది. అది సరిపోతుంది.

పాప అడిగినది మంచి ప్రశ్న. బడి పుస్తకంలో రొటేషన్‌కు భ్రమణం అనీ, రివల్యూషన్‌కు పరిభ్రమణం అనీ రాస్తారు. బొంగరం తన మేకు మీద తాను తిరగడం భ్రమణం, ఎద్దు గానుగ చుట్టూ తిరగడం పరిభ్రమణం. ఖగోళ శాస్త్రంలో ఈ తేడా తప్పనిసరి, ఎందుకంటే భూమి రెండూ చేస్తుంది. ఇంజనీరింగులో ఇంత పట్టింపు లేదు. అక్కడ రివల్యూషన్ అంటే ఒక పూర్తి చుట్టు, 360 డిగ్రీలు. పుల్లీ అంచు మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి నెమ్మదిగా చేత్తో తిప్పి చూపించండి. పుల్లీ తన ఇరుసు మీద భ్రమిస్తోంది, చుక్క ఆ ఇరుసు చుట్టూ పరిభ్రమిస్తోంది. చుక్క మళ్లీ పైకి వచ్చిందంటే ఒక రివల్యూషన్ అయినట్టు. కాబట్టి ఆర్‌పీఎంను రొటేషన్స్ అని విడదీసినా లెక్క మారదు. పరీక్షలో రాయాల్సి వస్తే మాత్రం రివల్యూషన్స్ పర్ మినిట్ అని రాయమనండి, వాడుకలో స్థిరపడింది అదే. తెలుగులో "నిమిషానికి ఇన్ని చుట్లు" అంటే చాలు. "నిమిషానికి 1440 ఆర్‌పీఎం" అని కొందరు అంటారు, అది "నడిసెంటర్ మధ్యలో" అన్నట్టు ఉంటుంది. ఆ నిమిషం మాటలోనే ఉంది.

కొత్త మోటార్ల ప్లేట్ల మీద ఆర్‌పీఎం అని కాకుండా ఆర్ అక్షరం, ఒక గీత, ఆ పక్కన మిన్ అని ఉంటుంది. కొన్నిటి మీద మిన్ పక్కన పైన చిన్నగా మైనస్ 1 ఉంటుంది. కంగారు పడనక్కర్లేదు, మూడూ ఒకటే. బండి మెకానిక్కులు రెవ్ అనేదీ ఈ రివల్యూషన్ ముక్కే. మనం "రేజ్ చేయకు" అనేదాన్ని ఇంగ్లీషులో రెవ్ చేయడం అంటారు. మీటరు మీద 1, 2, 3 అని ఉండి మూల చిన్నగా "×1000" అని ఉంటుంది చూడండి, ముల్లు 4 దగ్గరుంటే ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతున్నట్టు. చక్రం కాదు, ఇంజను. మధ్యలో గేర్లున్నాయి. మీ గిర్నిలో గేర్ల పని పుల్లీలు చేస్తాయి.

ఇక 1440 అనే వింత అంకె ఎక్కడిది? 1500 అని గుండుగుత్తగా ఎందుకు లేదు? మన కరెంటు 50 హెర్ట్జ్. మోటారు లోపల వైండింగు పుట్టించే అయస్కాంత క్షేత్రం ఎంత వేగంతో తిరుగుతుందో లెక్క కట్టడానికి 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్స్ (అయస్కాంత ధ్రువాల) సంఖ్యతో భాగిస్తారు. 2 పోల్ అయితే 3000, 4 పోల్ అయితే 1500, 6 పోల్ అయితే 1000. రోటరు, అంటే మోటారులో తిరిగే భాగం, ఆ క్షేత్రాన్ని తరుముతూ దాని వెనకాలే పరిగెడుతుంది. ఎప్పటికీ అందుకోదు. అందుకుంటే రోటరు కడ్డీలలో కరెంటు పుట్టడం ఆగిపోతుంది, దాంతో తిప్పే బలమూ పోతుంది. ఆ వెనకబాటునే స్లిప్ అంటారు. ఫుల్ లోడు మీద 1500లో 60 చుట్లు వెనకబడితే 1440, అంటే 4 శాతం స్లిప్. అందుకే మార్కెట్లో 2880, 1440, 960 అనే అంకెలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. బెల్టు తీసేసి ఖాళీగా తిప్పి కొలిస్తే ఇదే మోటారు 1490 పైన చూపిస్తుంది. ప్లేటు తప్పు కాదు, ప్లేటు మీద అంకె ఫుల్ లోడుకు ఇచ్చింది.

పుల్లీ లెక్క చిన్నదే. మోటారు పుల్లీ సైజు × మోటారు ఆర్‌పీఎం = గిర్ని పుల్లీ సైజు × గిర్ని ఆర్‌పీఎం. బెల్టు రెండు పుల్లీల మీదా ఒకే పొడవు జరగాలి కదా, అందుకు. మోటారుకు 4 అంగుళాలు అనుకుంటే 4 × 1440 ÷ 650 = 8.86, అంటే 9 అంగుళాలు. చాలామంది ఇక్కడితో ఆపి 4, 9 కొనేస్తారు. రెండు చోట్ల దెబ్బ తింటారు.

మొదటిది, వీ-బెల్టు పుల్లీ బయటి అంచు మీద నడవదు, గాడిలో కూర్చుంటుంది. లెక్కకు తీసుకోవాల్సింది పిచ్ డయామీటరు, అంటే గాడిలో బెల్టు నడిచే చోటి వ్యాసం. బీ సెక్షన్‌కు అది బయటి కొలత కంటే ఏడెనిమిది మిల్లీమీటర్లు తక్కువ. పెద్ద పుల్లీకి ఈ తేడా లెక్కలోకి రాదు, చిన్న పుల్లీకి బాగా వస్తుంది. 4 అంగుళాలంటే 101.6 మి.మీ., పిచ్ దగ్గర 94 చిల్లర. 9 అంగుళాలంటే 228.6, పిచ్ దగ్గర 221 చిల్లర. ఆ లెక్కన వచ్చేది 640 కాదు, 615. రెండోది ఇంకా ముఖ్యం. బీ సెక్షన్ బెల్టును 125 మి.మీ. కంటే చిన్న పుల్లీ మీద నడపకూడదు. మరీ బిగువుగా వంగి వంగి లోపలి వైపు అడ్డంగా పగుళ్లు వస్తాయి, బెల్టు వేడెక్కుతుంది, కొద్ది నెలల్లో తెగుతుంది. అందరూ బెల్టు కంపెనీని తిడతారు, తప్పు పుల్లీది.

అందుకే 5, 11 అన్నాను. పిచ్ దగ్గర 120, 272 వస్తాయి. నూటపాతికకు కాస్త తక్కువే, కానీ అంగుళాల్లో దొరికే పుల్లీల్లో ఇది నడుస్తుంది. 120 × 1440 ÷ 272 = 635. బెల్టు జారుడు ఒక శాతం తీసేస్తే 630. 6, 13 దొరికితే ఇంకా మేలు. పిచ్ లెక్కన 145 × 1440 ÷ 323 = 646, అదీ దాదాపు అక్కడికే వస్తుంది, బెల్టుకు సుఖం. కాకపోతే 13 అంగుళాల పుల్లీ గిర్ని ఫ్రేముకు తగలకుండా పడుతుందో లేదో ముందు టేపుతో కొలవండి.

ఇప్పుడు షాపాయన సలహా సంగతి. ఒకటే సైజు వేస్తే రాయి కూడా 1440 తిరుగుతుంది. 16 అంగుళాల రాయి అంచు 650 దగ్గర సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది, 1440 దగ్గర 30 మీటర్లు దాటుతుంది. వేగం రెండింతల చిల్లరే పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ రాయిని బయటికి చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 1440ని 650తో భాగించి వర్గం చేయండి, 4.9 వస్తుంది. 650 కోసం పోతపోసిన రాయి మీద దాదాపు ఐదు రెట్ల లాగుడు. ఎక్కడైనా కంటికి కనపడని పగులు ఉంటే ముక్కలై ఎగురుతుంది. పగలకపోయినా పిండి మాడుతుంది. గోధుమ పిండి చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉండి మాడిన వాసన వస్తే, రాళ్లు మరీ దగ్గరగా బిగించారు, లేదా ఆర్‌పీఎం ఎక్కువైంది. ముందు ఈ రెండూ చూసుకోవాలి.

"5 హెచ్‌పీ ఉంది, లాగేస్తుంది" అన్న మాటలోనూ పొరపాటుంది. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, లెక్క కట్టే సూత్రం: 9550 × కిలోవాట్లు ÷ ఆర్‌పీఎం. 5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. 1440 దగ్గర సుమారు 25 న్యూటన్ మీటర్లు. అదే 5 హెచ్‌పీ, పుల్లీతో 635కు దించాక, గిర్ని షాఫ్టు దగ్గర 56 అవుతుంది (బెల్టులో పోయేది కొంచెం పక్కన పెడితే). చుట్లు తగ్గితే తిప్పే బలం పెరుగుతుంది, పవరు అంతే ఉంటుంది. ఒకే సైజు పుల్లీలు వేస్తే రాయికి అందేది 25 మాత్రమే. గింజ పడగానే రాయి మూలుగుతుంది, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) కొట్టేస్తుంది. అప్పుడు చాలామంది చేసేది రిలే సెట్టింగు పెంచడం. ఆ తర్వాత వైండింగు కాలుతుంది.

ఇక్కడే ఇంకో అనుమానం వస్తుంది: వీఎఫ్‌డీ (మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే పరికరం) పెట్టి ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే పుల్లీల గొడవ లేదు కదా? 23, 24 హెర్ట్జ్‌కు దింపితే మోటారే 650 తిరుగుతుంది, నిజమే. కానీ వీఎఫ్‌డీ ఆర్‌పీఎంను తగ్గిస్తుంది, టార్క్‌ను పెంచదు. అదే 25 న్యూటన్ మీటర్లు, సగం కంటే తక్కువ వేగం, అంటే మీ 5 హెచ్‌పీ మోటారు రెండుంపావు హెచ్‌పీ పనే చేస్తుంది. పైగా మోటారు వెనక ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి వేడెక్కుతుంది. వీఎఫ్‌డీ మంచి వస్తువే, పుల్లీకి బదులు మాత్రం కాదు.

అంచు వేగం ఎంత ముఖ్యమో తెలియాలంటే వెల్డింగు షాపులో గ్రైండరు చూడండి. 4 అంగుళాల కటింగు డిస్కు మీద గరిష్ఠం 15,300 ఆర్‌పీఎం అని, పక్కనే సెకనుకు 80 మీటర్లు అని రాసి ఉంటుంది. 7 అంగుళాల డిస్కు మీద 8,500 చిల్లరే ఉంటుంది, పక్కన అదే 80. డిస్కు తట్టుకునేది 80 మీటర్ల అంచు వేగం, సైజును బట్టి ఆర్‌పీఎం మారుతుంది. కొందరు గార్డు ఊడదీసి, 11,000 తిరిగే చిన్న గ్రైండరుకు 7 అంగుళాల డిస్కు బిగిస్తారు. అంచు వేగం వంద మీటర్లు దాటిపోతుంది. ఆ డిస్కు పగిలిందంటే మొహం మీదికే వస్తుంది. దయచేసి చేయకండి, పక్కవాడు చేస్తుంటే ఆపండి.

దిశ. ఆర్‌పీఎం అంకెకు దిశ ఉండదు. గిర్ని మీద బాణం గుర్తు ఉంటుంది, రాళ్లకు కొట్టిన గంట్లు ఆ దిశకే పనిచేస్తాయి. తిరగబడితే పిండి బయటికి సరిగా తోయదు, లోపలే నలుగుతూ వేడెక్కుతుంది. త్రీ ఫేజులో దిశ మార్చడం తేలిక: మెయిన్ ఆపి, మూడు వైర్లలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మార్చి బిగించాలి. మూడూ జరిపితే మళ్లీ పాత దిశే వస్తుంది. బోరు మోటార్లలోనూ ఇదే పేచీ. పంపు తిరగబడి తిరిగినా నీళ్లు కొంచెం పోస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, "బోరులో నీళ్లు తగ్గాయి" అనుకుంటారు. రిపేరు తర్వాత నీళ్లు ఉన్నట్టుండి తగ్గితే ముందు ఫేజులు మార్చి చూడండి. ఇంకో మాట: సవ్యం, అపసవ్యం అని చెప్పేటప్పుడు ఏ వైపు నిలబడి చూస్తున్నారో కూడా చెప్పాలి. షాఫ్టు వైపు నుంచి గడియారం ముల్లులా తిరిగేది ఫ్యాను వైపు నుంచి చూస్తే ఎదురు తిరుగుతుంది. ఫోన్లో ఆర్డరిచ్చేటప్పుడు సగం గొడవలు ఇక్కడే.

ఓల్టేజీ గురించి. లో ఓల్టేజీ వస్తే ఆర్‌పీఎం బాగా పడిపోతుందని, దాన్ని బట్టి తెలిసిపోతుందని అనుకుంటారు. పడదు. 415 రావాల్సిన చోట 340 వచ్చినా మోటారు 1410 చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటుంది. చెవికి ఆ తేడా తెలియదు. కరెంటు మాత్రం ఏడున్నర ఆంపియర్ల నుంచి తొమ్మిది దాటుతుంది. మోటారు చడీచప్పుడు లేకుండా కాలేది అలాగే. స్పీడు విని నిర్ణయించకండి, ఆమీటరు చూడండి.

ఓల్టేజీ వేరు, ఫ్రీక్వెన్సీ వేరు. అమెరికా వెళ్లేవాళ్లు ఇక్కడి వెట్ గ్రైండరు పట్టుకెళ్లి, అక్కడ 110ని 220 చేసే ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీనే మారుస్తుంది, అక్కడి 60 హెర్ట్జ్ 60గానే ఉంటుంది. గ్రైండరులో ఉండేదీ మీ గిర్ని మోటారులాంటి ఇండక్షన్ మోటారే కాబట్టి దాదాపు 20 శాతం ఎక్కువ తిరుగుతుంది, మోటారు బలం కొంత తగ్గుతుంది కూడా. పిండి ఎగజిమ్ముతుంటే పప్పు తక్కువ వేసుకోవడమే. మిక్సీకి ఈ బాధ లేదు, దానిలో బ్రష్షుల మోటారు ఉంటుంది, దాని వేగం ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడదు. మిక్సీ డబ్బా మీద రాసే 18,000, 20,000 ఆర్‌పీఎం మాత్రం ఖాళీగా తిరిగినప్పటి లెక్క. జారులో పప్పు పడగానే బాగా దిగిపోతుంది. ఆ అంకె చూసి మిక్సీ కొనడం దండగ.

బిగించాక తప్పకుండా కొలవండి. ఫోటో టాకోమీటరు (వెలుతురుతో చుట్లు లెక్కపెట్టే పరికరం) అద్దెకైనా తెచ్చుకోండి. గిర్ని పుల్లీ ముఖం మీద మెరిసే స్టిక్కరు ఒక్కటే అంటించాలి. రెండు అంటిస్తే రెట్టింపు చూపిస్తుంది, పుల్లీ మీద మెరిసే గీత ఉన్నా అంతే. 630 రావాల్సిన చోట 1260 వస్తే మొదటి అనుమానం స్టిక్కరు మీదే పడాలి. ట్యూబులైటు కింద కంటితో చూసి వేగం అంచనా వేయకండి. పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. నాలుగు కమ్మీల పుల్లీ 1500 దగ్గర తిరుగుతుంటే ఆ వెలుతురులో అది ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెట్టినవాళ్లున్నారు. బెల్టు గార్డు లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి, గిర్నికి వచ్చేవాళ్లకు చున్నీలు, కొంగులు ఉంటాయి.

కొలత రెండుసార్లు తీయండి, ఒకసారి ఖాళీగా, ఒకసారి గింజ నిండుగా పడుతున్నప్పుడు. రెండింటికీ తేడా 3, 4 శాతం ఉంటే అది మోటారు స్లిప్పే, మామూలు. 8, 10 శాతం పడిపోతుంటే బెల్టు జారుతోంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే రెండు పుల్లీల మధ్య మీటరు దూరానికి 16 మి.మీ. దిగాలి. కొత్త బెల్టు మొదటి రోజు పనిలోనే సాగుతుంది, మర్నాడు మళ్లీ బిగించాలి. రెండు బెల్టులూ ఒకేసారి, ఒకే కంపెనీవి కొనండి. ఒకటి పాతది, ఒకటి కొత్తదైతే కొత్తదే మొత్తం బరువు మోస్తుంది.

పుల్లీ కొనేముందు రెండు షాఫ్టులూ వెర్నియరుతో కొలుచుకెళ్లండి. ఈ సైజు మోటారుకు సాధారణంగా 28 మి.మీ. షాఫ్టు, 8 మి.మీ. కీ (పుల్లీ షాఫ్టు మీద జారకుండా పట్టే ఇనుప ముక్క) ఉంటాయి. గిర్ని షాఫ్టు తయారీదారును బట్టి మారుతుంది. పుల్లీ బోరు, అంటే షాఫ్టు దూరే రంధ్రం, వదులుగా ఉంటే రేకు ముక్క దూర్చి కొట్టేస్తారు, ఒప్పుకోకండి. పుల్లీ వంకరగా తిరిగి నెలలోపే బేరింగులు పోతాయి. సరైన బోరు వేయించుకుని, కీ బిగించి, గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) కీ మీదికి వచ్చేలా చూసుకోండి.